తొమ్మిదో బంతి ఎక్కడ పేర్చాలి? నైన్‌బాల్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ వెనక లెక్కలు

నైన్‌బాల్ అంటే తొమ్మిది బంతులతో ఆడే పూల్ ఆట. 2024లో జెద్దాలో జరిగిన దాని ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్ 14–14 దాకా వెళ్లింది. బంతులు పేర్చి మొదలుపెట్టే ఒక్కో ఆటను రాక్ అంటారు. ముందుగా 15 రాక్‌లు గెలిచినవాళ్లదే కప్పు. 28 రాక్‌లు ఆడినా ఫెదోర్ గోర్స్ట్, ఎక్లెంట్ కాచి ఇద్దరిలో ఎవరిది పైచేయో తేలలేదు. 29వ రాక్ గోర్స్ట్ గెలిచాడు. టైటిల్, రెండున్నర లక్షల డాలర్లు ఆ ఒక్క రాక్‌తో అతని వైపు వెళ్లాయి. మరుసటి ఏడాది అదే నగరంలో గోర్స్ట్ మళ్లీ ఫైనల్ చేరాడు. ఈసారి ఫిలిప్పీన్స్ ఆటగాడు కార్లో బియాడో 15–13తో అతన్ని ఓడించాడు.

ఈ స్థాయికి వచ్చాక ఆటగాళ్ల మధ్య తేడా వెంట్రుకవాసి. బంతిని పాకెట్‌లో వేయడం అందరికీ వచ్చు. కాబట్టి ఎవరు గెలుస్తారన్నది నిర్వాహకుల నిర్ణయాల మీద చాలావరకు ఆధారపడుతుంది. పాకెట్ ఎంత వెడల్పు, రేస్ (గెలవడానికి కావాల్సిన రాక్‌ల సంఖ్య) ఎంత పొడవు, బంతులు ఎలా పేరుస్తారు, వాటిని ఎక్కడినుంచి పగలగొట్టాలి అన్నవి ఆ నిర్ణయాలు. వీటన్నిటిలో బరువైనది బ్రేక్, అంటే పేర్చిన బంతుల్ని పగలగొట్టే తొలి దెబ్బ. గత పాతికేళ్లలో ప్రొఫెషనల్ నైన్‌బాల్‌లో వచ్చిన పెద్ద మార్పుల్లో ఎక్కువ భాగం ఆ తొలి దెబ్బను అదుపులో పెట్టడానికి వచ్చినవే.

ఆట నియమం చిన్నది. 1 నుంచి 9 వరకు అంకెలున్న తొమ్మిది బంతులు, ఒక తెల్ల బంతి. ప్రతి షాట్‌లోనూ టేబుల్ మీదున్న అతి చిన్న అంకె బంతినే తెల్ల బంతి ముందుగా తాకాలి. తాకాక ఏదో ఒక బంతి పాకెట్‌లో పడాలి, లేదా ఏదో ఒక బంతి కుషన్‌ని (టేబుల్ అంచున ఉండే మెత్తని గోడని) తగలాలి. 9ని సక్రమంగా వేసినవాళ్లది రాక్. 1ని తాకి అక్కడినుంచి తెల్ల బంతి వెళ్లి 9ని పాకెట్‌లోకి నెట్టినా రాక్ వచ్చేస్తుంది. ఫౌల్ అయితే ఎదుటివాళ్లు తెల్ల బంతిని చేత్తో పట్టుకుని టేబుల్ మీద ఇష్టమొచ్చిన చోట పెట్టుకుంటారు. ప్రపంచ స్థాయి ఆటగాడికి అలా బంతి చేతికిస్తే ఆ రాక్ మీద ఆశ దాదాపు వదులుకోవాల్సిందే.

బ్రేక్: ఆట మొత్తం వేలాడే మేకు

తొమ్మిది బంతుల్ని వజ్రం ఆకారంలో 1–2–3–2–1 వరుసల్లో పేరుస్తారు. ముందు కొనలో 1, నడిమధ్యలో 9 ఉంటాయి. పాత పద్ధతిలో 1ని ఫుట్ స్పాట్ మీద పెట్టేవాళ్లు. టేబుల్ ఆడే భాగం 100 అంగుళాల పొడవు, 50 అంగుళాల వెడల్పు. ఫుట్ స్పాట్ అడుగు కుషన్‌కి 25 అంగుళాల దూరంలో ఉంటుంది.

ఈ పాత పద్ధతిలో ఒక చిక్కుంది. మూడో వరుసలో 9కి అటూ ఇటూ ఉండే రెండు బంతుల్ని వింగ్ బంతులు అంటారు. బంతులన్నీ ఒకదానికొకటి గట్టిగా అంటుకుని ఉంటే, దెబ్బ తగలగానే వింగ్ బంతిని రెండో వరుస బంతి వెనక్కి నెడుతుంది, మధ్యలోని 9 పక్కకు నెడుతుంది. ఈ రెండు తోపులు కలిసి ఆ బంతి దిశను ఖాయం చేస్తాయి. దెబ్బ గట్టిదైనా మెల్లనిదైనా దిశ పెద్దగా మారదు. ఆ దిశ సరిగ్గా మూలన ఉన్న పాకెట్ వైపే ఉంటుంది. అంటే పేర్పు బాగా కుదిరితే బ్రేక్‌లో ఒక బంతి పడటం దాదాపు ఖాయం. గట్టిగా కొట్టాల్సిన పనే ఉండదు.

2001 యూఎస్ ఓపెన్ నాటికి అమెరికా ఆటగాడు కోరీ డ్యూయల్ ఈ లొసుగును బాగా పట్టుకున్నాడు. అందరూ భుజబలమంతా ఉపయోగించి బ్రేక్ కొడుతుంటే అతను మెల్లగా కొట్టేవాడు. వింగ్ బంతి మూలకు పోయేది, తెల్ల బంతి టేబుల్ మధ్యలో నిలిచేది, మిగతా బంతులు పెద్దగా చెదరకుండా అనుకున్న చోట్లకు వెళ్లేవి. ఆ ఏడాది ఫైనల్‌లో అతను మికా ఇమ్మోనెన్‌ను 11–0తో ఓడించాడు. ఓడినవాడు సామాన్యుడు కాదు, అదే ఏడాది కార్డిఫ్‌లో ప్రపంచ ఛాంపియన్ అయినవాడు. డ్యూయల్ చేసింది తప్పేమీ కాదు, నియమంలో ఉన్న ఖాళీని అందరికంటే ముందు లెక్కగట్టాడు. కానీ బ్రేక్ అలా యాంత్రికంగా మారితే ఆట సగం చచ్చిపోతుందన్నది నిర్వాహకులకు అర్థమైంది.

వాళ్ల మొదటి మందు, 1కి బదులు 9ని స్పాట్ మీద పెట్టడం. చూడటానికి చిన్న మార్పే. బంతి వ్యాసం 57.15 మి.మీ. అంటుకుని పేర్చినప్పుడు ఒక వరుసకీ తరువాతి వరుసకీ మధ్య దూరం 49.5 మి.మీ. వస్తుంది. 9 మూడో వరుసలో ఉంటుంది కాబట్టి పేర్పు మొత్తం రెండు వరుసల మేర, అంటే 99 మి.మీ., దాదాపు 4 అంగుళాలు ముందుకు జరుగుతుంది. వింగ్ బంతి బయల్దేరే దిశ మాత్రం మారదు. పాత స్థానం నుంచి మూల పాకెట్‌లోకి నేరుగా వెళ్లిన బంతి, ఇప్పుడు మూలకు సుమారు 4 అంగుళాలు ఇవతల పక్క కుషన్‌ని తగిలి వెనక్కి వస్తుంది. నాలుగంగుళాల జరుపుతో వింగ్ బంతి భరోసా పోయింది.

ఆటగాళ్లు ఊరుకోలేదు. పక్క కుషన్ దగ్గరినుంచి కోణంలో బ్రేక్ కొట్టి, 1ని నేరుగా ఎదుటి మధ్య పాకెట్‌లోకి కోసే పద్ధతి పట్టారు. దానికి రెండో మందుగా బ్రేక్ బాక్స్ వచ్చింది. హెడ్ స్ట్రింగ్ (బ్రేక్ కొట్టే వైపు టేబుల్‌కి అడ్డంగా ఉండే గీత) వెనక మధ్య భాగంలో గీసిన పెట్టెలోనే తెల్ల బంతిని పెట్టాలి. కుషన్ పక్కనుంచి కోసే కోణం అక్కడ దొరకదు. మెల్లగా కొట్టేవాళ్ల కోసం మూడో మందు కూడా ఉంది. బ్రేక్‌లో కనీసం మూడు బంతులు పాకెట్‌లో పడాలి, లేదా హెడ్ స్ట్రింగ్ దాటి రావాలి. రెండు రకాలూ కలిపి మూడైనా సరే. లేదంటే బ్రేక్ చెల్లదు. మామూలు నియమమైతే ఒక బంతి పడినా, లేక నాలుగు బంతులు కుషన్లకు తగిలినా చాలు. మూడు బంతుల నియమం ఉంటే మాత్రం బలం పెట్టక తప్పదు. బలం పెరిగేకొద్దీ తెల్ల బంతి అదుపు తప్పే ప్రమాదం పెరుగుతుంది. నిర్వాహకులకు కావాల్సిందీ అదే.

మూడూ కలిపి అమలు చేసిన టోర్నమెంట్‌లో బ్రేక్ మళ్లీ ఒక నైపుణ్యంగా మారుతుంది. ఎంత వేగం, తెల్ల బంతి 1ని ఎంత నిండుగా తాకాలి, తాకాక ఎక్కడ ఆగాలి అన్నవన్నీ లెక్కలోకి వస్తాయి. తెల్ల బంతి 1ని నిండుగా తాకితే కాస్త వెనక్కి గెంతి టేబుల్ మధ్యలో ఆగుతుంది. పావు అంగుళం పక్కకు తగిలితే కుషన్‌కి కొట్టుకుని తిరుగుతూ మధ్య పాకెట్‌లో పడినా ఆశ్చర్యం లేదు. అప్పుడు ఎదుటివాళ్లకు చెదిరిన టేబుల్, చేతిలో తెల్ల బంతి రెండూ దక్కుతాయి.

పేర్చే చేతులు

నియమం ఎంత బాగున్నా పేర్పు సరిగా లేకపోతే దండగ. త్రికోణపు చట్రంతో పేర్చేటప్పుడు జరిగేది ఇది. బంతుల్ని చట్రంలో వేసి, వెనకనుంచి వేళ్లతో అదిమి, మొత్తాన్ని స్పాట్ ముందుకు కాస్త జరిపి, మళ్లీ వెనక్కి తెచ్చి ఆపుతారు. వేళ్ల ఒత్తిడి తీయకుండా ఒక్క క్షణం అలాగే ఉంచి, చట్రం ముందు కొనను కొంచెం లేపి, బంతులకు తగలకుండా తీసేస్తారు. తీసేటప్పుడు చట్రం వెనక పట్టీ ఒక బంతిని రవ్వంత కదిపినా పేర్పులో సందు పడుతుంది.

ఆ సందు అర మిల్లీమీటర్ కూడా ఉండకపోవచ్చు. అయినా చాలు. దెబ్బ ఒక బంతి నుంచి మరో బంతికి వెళ్లేది అవి అంటుకున్న చోటు గుండానే. 1కీ, దాని వెనక రెండు బంతుల్లో ఒకదానికీ మధ్య సందు ఉంటే, దెబ్బలో ఎక్కువ పాలు రెండో వైపుకు పోతుంది. పేర్పులో ఒక పక్క చెదిరి, ఇంకో పక్క ముద్దగా మిగిలిపోతుంది. ముద్దగా మిగిలిన మూడు బంతుల మధ్యలో 2 ఇరుక్కుంటే ఆ రాక్‌ను ఒక్క వంతులో ముగించడం ఎవరికైనా కష్టమే. అందుకే అనుభవమున్న ఆటగాడు బ్రేక్‌కి ముందు టేబుల్ చివరికి నడిచి వచ్చి, వంగి, 1 వెనక రెండు అతుకుల్ని, ఆ తర్వాత వింగ్ బంతుల అతుకుల్ని కళ్లతో తడిమి చూస్తాడు.

సందుకు మరో కారణం గుడ్డ. ఒకే చోట వందలసార్లు బంతులు పెడితే, పైగా బంతి కుదురుకోవాలని పైనుంచి తడితే, ఉన్ని గుడ్డలో చిన్న గుంటలు పడతాయి. ఆ తర్వాత బంతి మనం పెట్టిన చోట నిలవకుండా గుంటలోకి జారుతుంది. పల్చటి ప్లాస్టిక్ టెంప్లేట్ వచ్చింది ఇందుకే. దానికున్న రంధ్రాల్లో బంతులు కూర్చుని వాటంతటవే అంటుకుంటాయి. సమయం కలిసొస్తుంది, గొడవలు తగ్గుతాయి. కానీ టెంప్లేట్ పేర్పు ప్రతిసారీ ఒకే తీరుగా, మరీ గట్టిగా ఉంటుంది. వింగ్ బంతి లాంటి ఖాయమైన దారులు మళ్లీ తెరుచుకునేది అక్కడే. టెంప్లేట్ వాడేచోట 9ని స్పాట్ మీద పెట్టడం తప్పనిసరి కావాలి. ఒకటి పెట్టి రెండోది వదిలేయడం అర్ధమనసు సంస్కరణ.

ఎవరు పేరుస్తారన్నదీ ముఖ్యమే. 1, 9 తప్ప మిగతా బంతులు ఏ వరుసలో ఉండాలో నియమం చెప్పకపోతే, తన బ్రేక్‌కి తానే పేర్చుకునే ఆటగాడు 2ని, 3ని తనకు అనుకూలమైన చోట పెట్టుకుంటాడు. బ్రేక్ తర్వాత అవి ఏ మూలకు చేరతాయో అతనికి అలవాటే. రిఫరీ పేర్చితే ఈ బెడద ఉండదు.

బ్రేక్ ఎవరిది?

గెలిచినవాళ్లే మళ్లీ బ్రేక్ కొట్టాలా, ఇద్దరూ వంతులవారీగా కొట్టాలా అన్నది ఈ ఆటలో తెగని వాదం. గెలిచినవాళ్లకే బ్రేక్ ఇస్తే బ్రేక్ బలమున్నవాడికి అన్యాయంగా లాభం కలుగుతుందని చాలామంది నమ్మకం. లెక్క మాత్రం వేరే మాట చెబుతుంది.

రెండు రాక్‌ల రేస్ తీసుకుందాం. ఆటగాడు తన బ్రేక్‌లో 60 శాతం రాక్‌లు, ఎదుటివాడి బ్రేక్‌లో 50 శాతం రాక్‌లు గెలుస్తాడనుకుందాం. మొదటి బ్రేక్ అతనిదే. వంతులవారీ పద్ధతిలో అతను గెలిచే దారులు మూడు. మొదటి రెండూ గెలవడానికి అవకాశం 0.30. మొదటిది గెలిచి రెండోది ఓడి మూడోది గెలవడానికి 0.18. మొదటిది ఓడి మిగతా రెండు గెలవడానికి 0.12. మొత్తం 0.60. గెలిచినవాళ్లకే బ్రేక్ ఇచ్చే పద్ధతిలో అవే దారులకు 0.36, 0.12, 0.12 వస్తాయి. మొత్తం మళ్లీ 0.60. రేస్ ఎంత పొడవైనా ఈ సమానత్వం నిలుస్తుంది. ఒకటే షరతు: రాక్ గెలిచే అవకాశం బ్రేక్ ఎవరిదన్న దాని మీదే ఆధారపడాలి, అంతకుముందు ఏం జరిగిందన్న దాని మీద కాదు.

మరి తేడా ఎక్కడుంది? స్కోరు తీరులో ఉంది, కుర్చీలో కూర్చున్న మనిషి మనసులో ఉంది. గెలిచినవాళ్ల బ్రేక్‌లో ఒకడు ఆరేడు రాక్‌లు వరసగా తీసుకుపోవచ్చు. ఆ అరగంటా ఎదుటివాడికి క్యూ పట్టుకునే పని ఉండదు. చేయి చల్లబడుతుంది, చూపు వేగం తప్పుతుంది. తీరా అవకాశం వచ్చేసరికి మొదటి షాటే కష్టమైన లాంగ్ షాట్ అయ్యుంటుంది. పై షరతు సడలేది అక్కడే. 1996లో డల్లాస్‌లో అమెరికా ఆటగాడు ఎర్ల్ స్ట్రిక్‌లాండ్ వరసగా 11 రాక్‌లు ఎదుటివాడికి చేయి అందనివ్వకుండా ముగించాడు. అలాంటిది చూడాలంటే గెలిచినవాళ్ల బ్రేక్ ఉండాల్సిందే. పోటీ చివరిదాకా బిగువుగా సాగాలంటే వంతులవారీ బ్రేక్ మెరుగు. న్యాయం పేరుతో ఈ రెంటిలో ఒకదాన్ని తోసిపుచ్చడానికి మాత్రం గట్టి ఆధారం లేదు.

రేస్ పొడవు, మ్యాచ్‌ల ఏర్పాటు

జెద్దా పోటీకి 128 మంది వస్తారు, మొత్తం బహుమతి సొమ్ము పది లక్షల డాలర్లు. మొదటి దశ డబుల్ ఎలిమినేషన్, అంటే రెండుసార్లు ఓడితేనే ఇంటికి. తొలి రౌండులో 64 మ్యాచ్‌లు. గెలిచిన 64 మంది మళ్లీ ఆడితే 32 మంది నేరుగా ముందుకు వెళ్తారు. తొలి రౌండులో ఓడిన 64 మందిలో 32 మంది రెండో ఓటమితో వెళ్లిపోతారు. మిగిలిన 32 మంది, పైనుంచి ఓడి దిగిన 32 మందితో తలపడతారు. ఈ విధంగా 160 మ్యాచ్‌లు ఆడితే 64 మంది మిగులుతారు. అక్కడినుంచి ఒక్క ఓటమితోనే ఆట ముగుస్తుంది, 63 మ్యాచ్‌లు. తొలి రెండూ గెలిచినవాడికి రెండు మ్యాచ్‌లతో పని అయిపోతుంది. ఒకటి ఓడినవాడు మూడు ఆడాలి. ఒక్క మ్యాచే తేడా అయినా, అందులో అలసట ఉంది, టేబుళ్ల మధ్య ఎదురుచూపు ఉంది, ఇంకొక్కటి ఓడితే అంతేనన్న బరువు ఉంది.

రేస్ పొడవు ఎంత పనిచేస్తుందో అంకెల్లో చూడొచ్చు. ఒక ఆటగాడు ఎదుటివాడిపై ప్రతి రాక్‌లో 55–45 మెరుగనుకుందాం. ప్రపంచ స్థాయిలో ఇది పెద్ద తేడానే. 5 రాక్‌ల రేస్‌లో అతను గెలిచే అవకాశం సుమారు 62 శాతం. 9 రాక్‌లకు 66, 11కి 68, 15కి దాదాపు 71 శాతం. రేస్‌ను మూడింతలు చేసినా అవకాశం పెరిగింది తొమ్మిది శాతం పాయింట్లే. ఇక 64 మంది దశ నుంచి ఇలాంటి ఆరు మ్యాచ్‌లు వరసగా గెలవాలి. ఐదు మ్యాచ్‌లు 11 రాక్‌లవి, ఫైనల్ 15ది అనుకుంటే, మొత్తం అవకాశం పదిలో ఒకటి దగ్గర ఆగుతుంది. హాల్లో ఉన్న అందరికంటే స్పష్టంగా మెరుగైనవాడు కూడా పది టోర్నమెంట్లలో తొమ్మిది ఓడి ఇంటికి వెళ్తాడన్నమాట.

చరిత్ర కూడా ఇదే చెబుతోంది. 1990లో జర్మనీలోని బెర్గ్‌హైమ్‌లో పురుషుల ప్రపంచ ఛాంపియన్‌షిప్ మొదలైంది. తొలి రెండేళ్లూ స్ట్రిక్‌లాండే గెలిచాడు. ఆ తర్వాత 2025 వరకు ఏ ఒక్కరూ టైటిల్‌ను వరసగా రెండోసారి నిలబెట్టుకోలేదు. ఫిలిప్పీన్స్ దిగ్గజం ఎఫ్రెన్ రేయెస్ అంతటివాడు 1999లో కార్డిఫ్‌లో ఒక్కసారే గెలిచాడు. 2005లో కావోసియుంగ్‌లో పదహారేళ్ల వు జియా చింగ్ గెలిచాడు. ఛాంపియన్ పేరు మారిన ప్రతిసారీ పాతవాడి ఆట దిగజారిందని రాసే అలవాటు మానుకోవాలి. ఎక్కువసార్లు జరిగింది అది కాదు.

పూర్తిగా నైపుణ్యమే తేలాలంటే రేస్ ఎంత పొడవుండాలి? 1996లో హాంకాంగ్‌లో రేయెస్, స్ట్రిక్‌లాండ్ మూడు రోజుల పాటు 120 రాక్‌ల రేస్ ఆడారు. 55–45 మెరుగైనవాడు అలాంటి రేస్‌లో గెలిచే అవకాశం 94 శాతం. రేయెస్ 120–117తో గెలిచాడు. 237 రాక్‌ల తర్వాత ఇద్దరి మధ్య మూడే రాక్‌ల తేడా. వాళ్లిద్దరిలో ఎవరు మేలో అంత పొడవు రేస్ కూడా తేల్చి చెప్పలేకపోయింది.

నాలుగు అంగుళాల పాకెట్

ప్రపంచ సమాఖ్య కొలతల ప్రకారం మూల పాకెట్ నోరు నాలుగున్నర అంగుళాలు, లేదా అంతకు కాస్త ఎక్కువ. ఇటీవలి పెద్ద టోర్నమెంట్లలో దాన్ని 4 అంగుళాలకు తగ్గించారు. బంతి వ్యాసం రెండుంపావు అంగుళాలు. నాలుగున్నర పాకెట్‌లో బంతికి అటూ ఇటూ కలిపి రెండుంపావు అంగుళాల వెసులుబాటు మిగులుతుంది, 4 అంగుళాల పాకెట్‌లో ఒకటిముప్పావు. నోరు తొమ్మిదో వంతు తగ్గితే వెసులుబాటు ఐదో వంతుకు పైగా తగ్గిపోయింది.

బంతి పాకెట్‌కి 3 అడుగుల దూరంలో ఉంటే, నాలుగున్నర పాకెట్‌లో దాని దిశ 1.8 డిగ్రీల వరకు తప్పినా పడుతుంది, 4 అంగుళాలకు 1.4 డిగ్రీలే. తెల్ల బంతి దానికి ఇంకో 4 అడుగుల వెనక ఉంటే, తెల్ల బంతి దిశలో వచ్చే తప్పు రెండో బంతి దగ్గరికి వచ్చేసరికి సుమారు ఇరవై రెట్లవుతుంది. అంటే క్యూ దిశ 0.07 డిగ్రీలకు మించి తప్పకూడదు. కుషన్ వెంట మెల్లగా దొర్లించే షాట్లలో ఇరుకు పాకెట్ ఇంకా కఠినం. పాకెట్ దవడకు రాసుకుంటే బంతి లోపలే గిలగిలా ఊగి బయటికి వచ్చేస్తుంది.

ఇరుకు పాకెట్ వల్ల మంచే జరిగిందన్నది గట్టిగా చెప్పొచ్చు. బ్రేక్ తర్వాత తొలి షాట్ కష్టమైతే, వేద్దామా దాచుదామా అన్న ఆలోచన వస్తుంది. ఆ ఆలోచన నుంచే సేఫ్టీ ఆట, అంటే ఎదుటివాళ్లకు తేలిక షాట్ దొరకకుండా దాచే ఆట, పుట్టుకొస్తుంది. పాకెట్ మరీ ఇరుకైతే మాత్రం ఎవరూ సాహసించరు, రాక్‌లు సాగుతూ పోతాయి. 4 అంగుళాల దగ్గర ఆగడం మంచిది.

గుడ్డ, గాలి, సుద్ద

గుడ్డ కింద ఉండే పలక ఎంత సమంగా ఉండాలన్నదానికి కూడా కొలత ఉంది: పొడవునా 0.508 మి.మీ., అడ్డంగా 0.254 మి.మీ. లోపు. కుషన్ ముక్కు ఎత్తు బంతి వ్యాసంలో 63.5 శాతం, అంటే సుమారు 36.3 మి.మీ. అంతకంటే ఎత్తైతే కుషన్ బంతిని కిందికి అదుముతుంది, తక్కువైతే వేగంగా వచ్చిన బంతి గెంతుతుంది. టేబుల్ మీద ఎక్కడ చూసినా కనీసం 520 లక్స్ వెలుగుండాలి.

ఇవన్నీ సరిగా ఉన్నా మొదటి రోజు టేబుల్, చివరి రోజు టేబుల్ ఒకటి కావు. కొత్త ఉన్ని గుడ్డ జారుడుగా ఉంటుంది. కుషన్‌కి తగిలిన బంతి అనుకున్నదానికంటే విశాలమైన కోణంలో వెళ్తుంది, డ్రా (తెల్ల బంతి వెనక్కి తిరిగొచ్చే షాట్) కొడితే తెల్ల బంతి అనుకున్నదానికంటే వెనక్కి వచ్చేస్తుంది. రెండు మూడు రోజుల ఆట, సుద్ద పొడి, గాలిలో తేమ కలిసేసరికి గుడ్డ పట్టు పెరుగుతుంది. అవే కోణాలు ఇరుకవుతాయి. బయటి టేబుళ్ల మీద మూడు రోజులు ఆడి, టీవీ దీపాల కింద ఉన్న కొత్త గుడ్డ టేబుల్ మీదికి వచ్చిన ఆటగాడు మొదటి రెండు రాక్‌ల్లో పొజిషన్ (తరువాతి షాట్ కోసం తెల్ల బంతిని ఆపాల్సిన చోటు) తప్పడం అందుకే. ప్రాక్టీస్‌కి దొరికిన ఆ కొద్ది నిమిషాల్లో అతను పాకెట్లు వేయడం మాని, రెండు మూడు కుషన్ల దారులు, మెల్లని షాట్ల వేగం చూసుకోవడం మేలు.

అందరినీ ఎక్కువగా ఏడిపించేది స్కిడ్. క్యూ టిప్‌కి రాసే సుద్ద, కొట్టిన ప్రతిసారీ తెల్ల బంతి మీద చిన్న మరకగా అంటుకుంటుంది. తెల్ల బంతి దొర్లుతూ వెళ్లి సరిగ్గా ఆ మరక ఉన్న చోటే రెండో బంతిని తాకితే, రెంటి మధ్య రాపిడి ఒక్కసారిగా పెరుగుతుంది. మామూలుగా జారిపోవాల్సిన చోట బంతులు ఒక్క లిప్తపాటు పట్టుకుంటాయి. రెండో బంతి అనుకున్న దారి కంటే ముందు వైపుకు నెట్టుకుపోతుంది. పాకెట్ దవడకు కొట్టుకుని ఆగుతుంది. చూసేవాళ్లకు ఆటగాడు తేలిక షాట్ తప్పినట్టు కనిపిస్తుంది. అతనిది ఏ తప్పూ ఉండదు. తెల్ల బంతి రెండో బంతిలో సగాన్నే తాకే కోతలో, మెల్లని వేగంలో దీని దెబ్బ ఎక్కువ. రిఫరీ ప్రతి రాక్‌కి తెల్ల బంతిని తుడవడం, బంతుల సెట్‌ను రోజూ శుభ్రం చేయడం తప్ప దీనికి నమ్మకమైన విరుగుడు లేదు. ఒక ఫైనల్‌ను సుద్ద మరక తేల్చే అవకాశం ఉన్నప్పుడు ఆ తుడుపు విషయంలో బద్ధకించడం క్షమించరానిది.

దాచడం, నెట్టడం

బ్రేక్‌లో బంతి పడినా 1 కనిపించకపోవచ్చు. దాని ముందు 5 అడ్డంగా ఉందనుకుందాం. అప్పుడు ఆడే వంతు ఉన్నవాళ్లకు పుష్ అవుట్ హక్కు ఉంది. ముందే ప్రకటించి తెల్ల బంతిని ఎటైనా నెట్టొచ్చు. 1ని తాకక్కర్లేదు, కుషన్‌ని తగలక్కర్లేదు. అప్పుడు 9 పడినా దాన్ని తిరిగి స్పాట్ మీద పెడతారు. ఆ తర్వాత ఎదుటివాళ్లు ఎంచుకుంటారు: ఆ స్థితిలో తామే ఆడతారా, మళ్లీ నెట్టినవాళ్లకే వదిలేస్తారా అని.

ఇక్కడే ఆటగాడి తెలివి బయటపడుతుంది. మరీ తేలిక షాట్ వదిలితే ఎదుటివాళ్లు తీసుకుంటారు, మరీ కష్టమైంది వదిలితే తిరిగి తన నెత్తికే వస్తుంది. కాబట్టి తనకు బాగా వచ్చి, ఎదుటివాళ్లకు అంతగా రాని షాట్‌ను వెతికి అక్కడ తెల్ల బంతిని ఆపుతాడు. జంప్ షాట్‌లో దిట్ట అయితే 5కి దగ్గరగా, గెంతి వెళ్లడానికి వీలైన చోట ఆపుతాడు. కిక్ షాట్‌లో నమ్మకముంటే ఒక కుషన్‌తో 1ని చేరే చోట ఆపుతాడు. జంప్ క్యూ పొడవు 40 అంగుళాలకు తగ్గకూడదు. అందుకే మరీ దగ్గరి అడ్డును గెంతడం అందరికీ కుదరదు. ఈ కొలతను దృష్టిలో పెట్టుకునే తెల్ల బంతిని అడ్డు బంతికి ఆనించినంత దగ్గరగా దాచే సేఫ్టీలు ఆడతారు.

గడియారం కూడా లెక్కలోదే. మోస్కోనీ కప్ (యూరప్, అమెరికా జట్ల పోటీ) తరహా టీవీ పోటీల్లో షాట్‌కి 30 సెకన్లు, రాక్‌కి ఒక పొడిగింపు ఇస్తారు. బ్రేక్ తర్వాత తొలి షాట్‌కే పొడిగింపు వాడేస్తే, ఐదో బంతి దగ్గర మూడు కుషన్ల పొజిషన్ లెక్క వేయాల్సి వచ్చినప్పుడు చేతిలో ఏమీ మిగలదు. అందుకే చెదిరిన టేబుల్‌ను కుర్చీలో ఉండగానే చదువుకుంటారు. ఎదుటివాడు ఆడుతుండగా తాను ఎక్కడ తప్పిస్తే ఏం చేయాలో ముందే అనుకుంటారు.

వరసగా మూడు ఫౌల్‌లు చేస్తే రాక్ పోతుంది. రెండో ఫౌల్ తర్వాత, మూడో షాట్‌కి ముందు, ఆ సంగతి ఆటగాడికి చెప్పాలి. చెప్పకపోతే మూడో ఫౌల్‌ని రెండోదిగానే లెక్కిస్తారు. సేఫ్టీలతో ఎదుటివాణ్ని రెండుసార్లు ఉచ్చులో పెట్టినవాడు, రిఫరీ ప్రతి టేబుల్ దగ్గరా నిలబడని తొలి రౌండ్లలో ఆ హెచ్చరిక నోరు తెరిచి తానే చెప్పాలి. అప్పుడు ఎదుటివాడు పాకెట్ సంగతి మరిచి, ఎలాగైనా అతి చిన్న అంకె బంతిని తాకడం మీదే మనసు పెడతాడు. ఫౌల్ లేకుండా తాకాడంటే మూడు ఫౌల్‌ల లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది.